వేళ్లకంటిన బెల్లం

మా ఊళ్లో షుగరు జబ్బుకి భయపడేవాళ్లు తక్కువ. కొబ్బరికల్లు కాచి బెల్లం వండే వాళ్లం, తీపికి జడిస్తే బతికేదెలా? తుమిరా ఒక్కతే జడిసింది. సూది, స్ట్రిప్పులు, అరచేతిలో పట్టే షుగరు మిషను పట్టుకుని పదకొండేళ్లు ఇల్లిల్లూ తిరిగింది. జీతం లేదు గానీ, "డాక్టరమ్మ వస్తోంది, బెల్లం దాచండ్రోయ్" అనే వెక్కిరింతలకి లోటు లేదు.

తల్లిలేని తుమిరాని పెంచింది వదిన వర్సిని. ఆ వదినకే ఇన్సులిన్ పడింది. రోజూ తుమిరా వేలు పొడిచి చూడాలి, అంకె మూడొందలు దాటితే మందు పెంచాలి. అది డాక్టరు రాసిచ్చిన లెక్క.

ఆ పొద్దున వదిన ఉడుకు పాకం వెదురు అచ్చుల్లో పోస్తోంది.

"చెయ్యి ఇలా ఇవ్వు వదినా."

"పాకం గట్టిపడుతోందే. నీ గోల నీది." అంటూనే ఎడమచెయ్యి చాపింది.

తుమిరా స్పిరిటు దూదితో వేలు తుడిచి పొడిచింది. నాలుగొందల పన్నెండు.

"దొంగచాటుగా ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదే, నీ మీదొట్టు."

తుమిరా నమ్మలేదు. పెంచిన మందు తనే పొడిచి, దారిలో చెట్టు దిగుతున్న అన్న కర్సివాన్‌కి చెప్పింది: "వదిన తీపి తింటోంది. కాస్త కనిపెట్టి ఉండు."

మధ్యాహ్నానికి వర్సిని ప్రాణాలతో లేదు.

మర్నాడు ఆసుపత్రి నర్సు జరిగిందంతా విని తుమిరాని పక్కకి పిలిచింది. "స్పిరిటుకి బెల్లం జిగురు పోదమ్మా, సబ్బుతో కడగాలి. స్ట్రిప్పు మీది ఎంజైముకి ఒంట్లో తీపీ వేలి మీది తీపీ ఒకటే. లేని షుగరుకి మందేశాం. కళ్లు తిరిగినప్పుడు ఓ బెల్లం ముక్క నోట్లో పడినా బతికేది." మా ఊళ్లో బెల్లం అంటని వేలు ఎవరికుంది? అయినా పదకొండేళ్లలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

కర్సివాన్‌కి ఇదేమీ తెలియదు. ఏడో రోజు ప్రార్థనకి వచ్చిన ప్రతివాడితోనూ, "నోరు కట్టుకోలేక చచ్చింది" అన్నాడు. వినీ వినీ తుమిరా తట్టుకోలేకపోయింది. చచ్చినామెకి ఆ పేరు మిగలడం అన్యాయం. అందరి ముందూ లేచింది.

"అన్నా, వదిన ఏమీ తినలేదు. తప్పు నాది. బెల్లం చేతిని కడగకుండా పొడిచాను. మందు ఎక్కువై, ఒంట్లో తీపి చాలక ప్రాణం పోయింది."

కొడతాడేమో అనుకున్నాం.

"చెమటలు కక్కుతూ ఓ ముక్క బెల్లం పెట్టమంది," అన్నాడు. "రెండుసార్లు అడిగింది. నేనే పెట్టలేదు."