ఆశలకు నీళ్లు

ఆ రోజుల్లో నాకు రాని తెలుగు లేదనుకునేదాన్ని. జవళగేరలో పుట్టి, బడిలో కన్నడం చదువుకుని, తెలుగు అక్షరాలు మాత్రం నానమ్మ దగ్గర దిద్దుకున్న నేను, పదిహేడేళ్లు నిండేసరికి ఆవిడ ట్రంకుపెట్టెలోని నవలలన్నీ నమిలేశాను. ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే ఠక్కున చెప్పేసేదాన్ని (తెలియకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని). ఒక నవల చివర నాయిక ఊరు విడిచి వెళ్లిపోయాక హీరో ‘తన ఆశలకు నీళ్లొదిలాడు’ అని ఉంది. ఎంత చక్కటి ముగింపో అని మురిసిపోయాను. మా పొలం కాలువ చిట్టచివర ఉంది. డ్యాము నుంచి నీళ్లొదిలారని కబురొస్తే చాలు, అమ్మ ఆ పూట పరమాన్నం వండేది. మరి ఆశలకు నీళ్లొదిలితే అవి ఏపుగా పెరగవూ?

ఆ ఏడు రాయచూరులో డిగ్రీ చేరతానని నా పట్టు. ఆడపిల్లను హాస్టల్లో ఎలా ఉంచడమా అని నాన్న బెంగ. సింధనూరులో ఉండే పెదనాన్న నా తరఫున వాదించి, ఆయన్ని ముప్పాతిక వంతు ఒప్పించి, “నీ మనసులో ఏముందో రాసి పంపమ్మా, మీ నాన్నకి చెబుతా” అన్నాడు. నా పాండిత్యం చూపించే సమయం రానే వచ్చింది! ఫోన్లో ఒక్కో అక్షరం ఏరుకుని కొట్టాను: ‘పెదనాన్నా, చదువు మీద ఆశలకు నీళ్లొదిలాను. నాన్నకి మీరే చెప్పండి.’

అరగంటలో నాన్న పొలం నుంచి వచ్చేశాడు. కాళ్లు కూడా కడుక్కోలేదు.

“ఏమ్మా, చదువు మీద ఆశలకు నీళ్లొదిలేశావంట?”

“అవును నాన్నా!” అన్నాను, మొహం చేటంత చేసుకుని.

“బాగా ఆలోచించుకునే చేశావా?”

“ఇందులో ఆలోచించేదేముంది? ఎప్పుడో చెయ్యాల్సింది.”

“సరే, నీ ఇష్టం” అని నాన్న, “రేపు రాయచూరు ప్రయాణం లేదులే” అని అమ్మకు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. కాలేజీలో చేరడానికి రేపే ఆఖరి రోజు. నేను గొల్లుమన్నాను. నానమ్మ ఫోను లాక్కుని చదివి తల పట్టుకుంది.

“ఒసే పిచ్చి మొహమా, నీళ్లొదలడమంటే వదులుకోవడమే! చేతిలో నీళ్లు పోసి ధారపోస్తే ఇంక అది మనది కాదనీ!”

“మరి కాలవకి నీళ్లొదిలితే మీరంతా ఎందుకు పండగ చేసుకుంటారు?” అన్నాను ఏడుస్తూనే.

నాన్న బయటికొచ్చి, తలుపు పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. “ఎంతైనా కాలవ చివర పుట్టిన పిల్ల” అన్నాడు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాం.

హాస్టల్లో నా గదిలో హట్టి బంగారు గనుల నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. ఒకరోజు నా పుస్తకం చదువుతూ, “నాయకుడు చీకట్లకు దిగిపోయిండంట. ఏ షిఫ్టుకు దిగిండే?” అని అడిగింది. వాళ్ల నాన్న రోజూ గనిలోకి దిగేవాడు. నాకు కొత్తగా అబ్బిన జ్ఞానం ఊరుకుంటుందా? అది దిగులు గురించి చెప్పిన మాటని అరగంట పాఠం చెప్పాను. “అట్లనా” అని పుస్తకం మూసి పక్కన పెట్టేసింది.

ఇప్పుడు నేనే పాఠాలు చెప్పే పంతులమ్మని. ఆ అమ్మాయి ఊహించుకున్న కథలో నాయకుడు ఏ షిఫ్టుకు దిగాడో, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూశారో, క్షేమంగా పైకి వచ్చాడో లేదో ఆ రోజే అడిగి ఉండాల్సింది. అన్నీ తెలిసిన ఆ పదిహేడేళ్ల పిల్లకు అడగాలని తోచనే లేదు.