చెట్టు మీద తెల్లని మనుషులు

మొన్న, అమ్మాయి వాళ్లుండే విదేశపు ఊరు జిండెల్ఫింగెన్‌లో పళ్ల డాక్టరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, గోడమీది క్యాలెండరులో రెక్కల మనుషుల బొమ్మ చూడగానే చూపు తిప్పేసుకున్నాను. దాన్ని గీసిన ఆంగ్ల కవి గురించి హనుమకొండ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని, అతని బొమ్మకు భయపడతానని ఎవరనుకుంటారు?

మేజోళ్ల వ్యాపారి కొడుకైన అతను పసితనంలో చెట్టు నిండా దేవదూతల్ని చూశానని ఇంటికొచ్చి చెబితే, అబద్ధమని తండ్రి కొట్టబోయాడనీ, తల్లి అడ్డుపడిందనీ, పెద్దయ్యాక తన పద్యాల్నీ బొమ్మల్నీ తానే రాగిరేకుల మీదికెక్కించి అచ్చువేస్తే భార్య పక్కన కూర్చుని రంగులద్దేదనీ, లోకం పిచ్చివాడన్నా తన కంటికి కనిపించినదాన్ని అతను ఏనాడూ కాదనలేదనీ చెబుతుంటే, క్లాసంతా చెవులప్పగించి వినేది.

కరోనా మొదలైన ఏడాది అమ్మాయిని చూడవచ్చి, విమానాలాగిపోయి ఇక్కడే చిక్కుకుపోయాను. అల్లుడు ఆ జబ్బుతోనే ఆసుపత్రిలో ఉన్నాడు. పిల్లల బడి మూసేయడంతో, పొద్దుపోక అల్లాడే అయిదేళ్ల మనవరాలికి ఆ కవి కథే చెబుతుండేదాన్ని. ఒక మధ్యాహ్నం ఒళ్లు పెనంలా కాలిపోతున్న ఆ పిల్ల కిటికీవైపు వేలు చూపింది.

"అమ్మమ్మా, చెట్టు మీద తెల్లగా మస్తుమంది కూర్చున్నరు. నన్ను రమ్మంటున్నరు."

నా పైప్రాణాలు పైనే పోయాయి. క్లాసులో మురిసిపోతూ చెప్పిన మాటే అది. గబగబా పరదా లాగేసి పిల్లను గుండెకు హత్తుకున్నానే గానీ, అటు తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

పక్కగదిలోంచి అమ్మాయి ఏడుపుగొంతుతో అరిచింది. "అమ్మా, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరుకుతలేదు! అంబులెన్స్‌కే ఫోన్ చేసిన, వస్తున్నరు. దాన్ని నిద్రపోనియ్యకు, మాట్లాడిస్తుండు."

"వాళ్లనే ఇటు రమ్మను బిడ్డా, నువ్వు మాత్రం పోకు," అన్నాను.

కాసేపటికి తలనుంచి కాళ్లదాకా తెల్లని తొడుగుల్లో ఇద్దరు లోపలికొచ్చారు. పిల్ల నవ్వి చేతులు చాచింది. "వచ్చిండ్రు, అమ్మమ్మా!"

అంబులెన్స్‌లో పిల్లకు తోడుగా ఒక్కరినే రానిస్తామంటే అమ్మాయి వెళ్లింది. ఖాళీ ఇంట్లో, ఫోను మోగినా భయం, మోగకపోయినా భయం. మర్నాటికి జ్వరం దిగిందని కబురొచ్చేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. తర్వాత మెల్లగా అల్లుడూ కోలుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మనవరాలికి గుర్తే లేదు. అప్పట్లో కంటపడిన ప్రతిదీ పరుగెత్తుకొచ్చి నాకు చెప్పేది. ఇప్పుడు ఏం చూస్తున్నావే అనడిగితే, ఫోనులోంచి తలెత్తకుండానే "నిష్ట్స్, అమ్మమ్మా" అంటుంది. ఇక్కడి భాషలో ఏమీ లేదని అర్థమట.