మాత్రలక్కకు రక్తం తక్కువ

ఆసుపత్రిలో ఆమె ఉద్యోగానికి వేరే పేరుంది గానీ, పేటలో అందరికీ ఆమె మాత్రలక్క. గర్భిణుల ఇళ్లకు వెళ్లి ఐరన్ మాత్రలు ఇవ్వడం, వేసుకుంటున్నారా అని అడగడం ఆమె పని. అందరూ వేసుకుంటున్నామనే చెప్పేవారు. పరీక్ష చేస్తే వాళ్ల రక్తం మాత్రం ఆ మాటను ఒప్పుకునేది కాదు.

బట్టలు కుట్టే అమ్మాయికి అప్పుడు ఐదో నెల. ముందుగది నిండా కత్తిరింపు ముక్కలు, కిటికీ పక్కన కుట్టుమిషను. మాత్రలక్క రక్తం చూసే చిన్న మిషను తీయగానే, రోజంతా సూదితోనే బతికే ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నొప్పుండదమ్మా, చూడు" అని మాత్రలక్క ముందు తన వేలికే గుచ్చుకుంది. నొప్పి పుట్టింది. మొహంలో తెలియనివ్వలేదు. మిషను మీద అంకె చూశాక మాత్రం మొహం మారింది. తర్వాత కొత్త సూదితో అమ్మాయికి చూస్తే, తక్కువైనా తనకంటే నయంగానే ఉంది.

డాక్టరమ్మ మాత్రలక్కకూ అవే మాత్రలు రాసింది. "ఎలా వేసుకోవాలో మీకు చెప్పక్కర్లేదుగా" అంది. అక్కర్లేదంది మాత్రలక్క.

పనైపోతుంది కదా అని పరగడుపునే మింగింది. కడుపులో తిప్పింది. నాలుగు రోజులకు విరేచనం బిగిసింది, అయినదీ నల్లగా అయింది. అలా అవుతుందని చదువుకున్నదే, అయినా కంగారుపడింది. ఆ మర్నాటి నుంచి మాత్రలు ఉప్పు డబ్బా వెనక్కి చేరాయి.

"మాత్ర వేసుకున్నావా?" అని భర్త అడిగాడు.

"ఆఁ, వేసుకున్నా."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. ఆలోచిస్తే పేటలో ఇంటింటా తను విన్నదే.

మర్నాడు మాత్రలక్క అమ్మాయి కుట్టుమిషను ఎదురుగా కూర్చుని, "నేను మానేశాను" అంది.

అమ్మాయి మిషను ఆపింది. "నేనూనక్కా. వాంతొచ్చినట్టుంటోంది. పైగా బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్త గోల."

"నల్లగా అయ్యేది బిడ్డ కాదు, వేరేది."

"ఏమిటది?" అంది అత్తగారు వంటింట్లోంచి. మాత్రలక్క చెప్పింది. ఆవిడ మళ్లీ ఆ ప్రస్తావన ఎత్తలేదు.

అప్పుడు ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రాత్రి భోజనమయ్యాక వేసుకోవాలి. టీతో కాదు, నిమ్మరసం పిండిన నీళ్లతో. పగలంతా నీళ్లు బాగా తాగాలి. ఒకరికొకరు ఫోన్ చేసుకుని, లైన్లో ఉండగానే మింగాలి. అవతలి గుటక వినబడితేనే ఫోన్ పెట్టేయాలి. ఒకసారి అత్తగారే ఫోన్ ఎత్తి, "పడుకుంది, లేపి మింగిస్తా, ఉండు" అంది.

ఆ తర్వాత మాత్రలక్క ఏ గుమ్మంలోనూ వేసుకుంటున్నారా అని అడగలేదు. "మానేసి ఎన్నాళ్లయింది?" అనేది. కొందరు నవ్వి, అసలు సంగతి చెప్పేవారు. అక్కడి నుంచి పని సులువయ్యేది.

అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఎవరి రక్తమూ ఎక్కించాల్సిన పని పడలేదు. కాన్పయినా ఇంకొన్నాళ్లు మాత్రలు మానకూడదని చెప్పడానికి మాత్రలక్క ఫోన్ చేస్తే, అత్తగారు అందుకుంది.

"అలాగేలే. ముందు నువ్వు మింగు, వింటాను."