సిగ్నల్ చూడాల్సిన కళ్లు

ప్రయాణికుల విమానం ఒకటి కూలిన తర్వాత మొదటి వారం గుంతకల్లులో మా టీ బంకు దగ్గర అందరూ చనిపోయినవాళ్ల గురించే మాట్లాడుకున్నారు. రెండో వారంలో మాట మారింది. పైలటే కావాలని కూల్చేశాడేమోనని ఎవరో అనుమానం లేవదీశారు. దర్యాప్తు చేసేవాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు. అయినా టీవీలో ఒక చేయి మీటను లాగుతున్నట్టు బొమ్మ గీసి, దాని పక్కన ఎర్ర బాణం గుర్తు పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే తిప్పి తిప్పి చూపించారు.

"వానికి మనసు బాగలేదంట. మాత్రలు మింగుతాండాడంట" అన్నాడు పక్కనున్న కిరాణా కొట్టాయన.

"మాత్రలు మింగేటోన్ని పైకి ఎవురప్పా పంపిచ్చింది?" అన్నాడు టీ బంకాయన.

"మింగేది ఎవురికి తెలుస్తాది? జోబులో ఏముండాదో సూస్తారా?"

ఒక ఆటో డ్రైవరు నా యూనిఫాం చూసి ఇటు తిరిగాడు. "ఏమన్నా, మీ రైలోళ్లకు మనసు గూడా సూస్తారా? లేకుంటే నోట్లో గొట్టం పెట్టి ఊదిచ్చి పంపిచ్చేదేనా?"

"నీ నోట్లో పెడితే ఆ గొట్టమే కాలిపోతాది, నీకెందుకులే" అన్నాడు టీ బంకాయన. అందరూ నవ్వారు.

నా పక్కన నిలబడిన మా డ్రైవరు మాత్రం నవ్వలేదు. టీ సగంలోనే వదిలి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

నేను గూడ్సు రైలులో అసిస్టెంట్ లోకో పైలట్‌ని. ఎలక్ట్రికల్‌లో డిప్లొమా చేసి, పరీక్ష రాసి మూడేళ్ల కిందట చేరాను. ఇంజన్‌లో ఇద్దరమే ఉంటాం. ఎడమ పక్క కూర్చుని బండి నడిపేది డ్రైవరు, కుడి పక్క నేను. వచ్చే ప్రతి సిగ్నల్‌నూ ముందుగా చూసి, చేయి చాపి, దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు కూడా చూసి అదే రంగు తిరిగి చెప్పాలి. ఇద్దరి నోటా ఒకే మాట వస్తేనే ఆ సిగ్నల్ చూసినట్టు. కొత్తలో సిగ్గేస్తుంది. రెండు నెలలు గడిస్తే మోటార్ సైకిల్ మీద బజారుకు పోతూ కూడా రోడ్డు సిగ్నల్ రంగు అరిచి చెప్పేస్తాం.

ఎక్కువ రోజులు నా డ్యూటీ ఆ డ్రైవరుతోనే పడేది. యాభై దాటిన మనిషి. నేను అన్నా అని పిలిచేవాడిని, ఇక్కడా అన్న అనే రాస్తాను. ఏ గేటు దగ్గర గొర్రెలు అడ్డం వస్తాయో, ఏ ఎత్తులో బరువు బండి మొరాయిస్తుందో నాకు నేర్పినవాడు ఆయనే.

బంకు దగ్గర ఆ మాటలు జరగడానికి మూడు రోజుల ముందు, విశ్రాంతి గదిలో, బ్యాగులోంచి తన కళ్లద్దాలు తీసివ్వమని అన్న అడిగాడు. కళ్లద్దాల కింద ఒక మాత్రల పట్టీ కనిపించింది. పేరు గుర్తుపెట్టుకుని ఫోన్‌లో వెతికాను. దిగులు జబ్బుకు వాడే మందు.

ఏదైనా రాసుకుంటే తప్ప నాకు కుదరదు. భోజనానికి కూర్చునే ముందు వీడు కూరలకు గూడా పట్టీ రాస్తాడని మా అమ్మ ఎగతాళి చేస్తుంది. ఆ రోజు ఫోన్‌లో ఇలా రాసుకున్నాను. ఒకటి, మాత్రలు. రెండు, ఇంటి విషయాలు మాట్లాడటం మానేశాడు. మూడు, ఒక మలుపు దగ్గర హారన్ అవసరానికి మించి కొడతాడు. నాలుగు, రెండుసార్లు అడిగితేగానీ జవాబివ్వడు. టీ బంకు నుంచి వచ్చాక ఐదోది చేర్చాను: సగం టీ వదిలేశాడు. నేనూ ఆ వారంలో రెండుసార్లు టీ వదిలేశానని అప్పుడు తట్టలేదు.

నియమం తెలిసిందే. అలాంటి మందు వాడేవాళ్లు రైల్వే డాక్టరుకు చెప్పాలి. చెబితే బండి నుంచి దించేస్తారు. ఈ వయసులో దిగితే మళ్లీ ఎక్కనిస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంజన్ తప్ప వేరే పని ఎరగని మనిషి. చెప్పకపోవడం ఆయన తప్పు. తెలిసీ ఊరుకోవడం నా తప్పు. ఇద్దరం అలాగే బండి ఎక్కుతున్నాం.

మా అమ్మ గార్లదిన్నె దగ్గర పల్లెలో ఉంటుంది. ఆ వారంలో ఫోన్ చేసింది.

"మీ డ్రైవరు మంచోడేనా నాయనా? ఆ టీవీ సూడలేక ఆపేసినా."

"మంచోడేమ్మా."

"మంచోడంటే నిజంగా మంచోడా, నేను అడిగినానని మంచోడా?"

సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ మరుసటి రోజు పొద్దున సిమెంటు బండితో ధర్మవరం వైపు బయలుదేరాం. ఒక స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ఆపారు. ప్లాట్‌ఫారం మీద మూటతో నిలబడిన ఒకాయన మా కిటికీ దగ్గరికి వచ్చి, "మెల్లగా తోలన్నా! కోపమొస్తే ఇంటి కాడ సూసుకో, బండి మీద సూపియ్యొద్దు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అన్న కిటికీ మూసేశాడు. బయట ఎండకు పట్టాలు అలల్లాగా కదులుతున్నాయి. మూసిన కిటికీతో ఇంజన్ పొయ్యిలాగా ఉంది.

బండి మళ్లీ కదిలింది. నేను అన్న చేతిని చూస్తూ కూర్చున్నాను. టీవీలో చూపించిన చేయి లాంటిదే, మనిషి చేయి. బ్రేకు మీద ఉంది. వేళ్లు కదిలాయి. మళ్లీ ఆగాయి. నా పక్కన కూడా ఒక అత్యవసర బ్రేకు ఉంటుంది. నా మోకాలికీ దానికీ మధ్య ఎన్ని జానలో ఆ వారంలో రెండుసార్లు కొలిచాను. అవసరమైతే ఒక సెకనులో అందుకోగలనా? లేవకుండా అందుతుందా, లేవాలా? ఆ లెక్కలోనే ఉన్నాను.

"ఎల్లో!"

ఆ గొంతు నాది కాదు. అన్నది. మరుక్షణం బ్రేకు గాలి వదిలిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూసేసరికి స్టేషన్‌కు ముందు వచ్చే మొదటి సిగ్నల్ మా ఇంజన్‌ను దాటిపోతోంది. పచ్చగా ఉంటే పోవచ్చు. పసుపు అంటే, తర్వాతి సిగ్నల్ ఎరుపు, అక్కడ ఆగాలి. దాని రంగు ముందుగా చెప్పాల్సింది నేను. నేను చూడనే లేదు. ఆయన ఒక్కడే చూశాడు.

బండి ఎర్ర సిగ్నల్‌కు చాలా ముందే ఆగింది. దూరంగా, స్టేషన్‌లో, అదే లైను మీద ఒక ప్యాసింజరు బండి నిలబడి ఉంది. మనుషులు దిగుతున్నారు.

"యాడ సూస్తాండావప్పా?" అన్నాడు అన్న.

నేను గబగబా పట్టాల వైపు తిరిగాను.

"నా చేయి సూస్తాండావు. నాలుగు దినాల నుంచి అదే పని. సిగ్నల్ స్తంభం మీద ఉంటాది గానీ, నా చేతి మీద ఉంటాదా?"

"మాత్రలు చూసినా అన్నా."

"తెలుసు. కళ్లద్దాలు తీయను అంతసేపా?"

ఎర్ర దీపం వైపే చూస్తూ చెప్పాడు. పద్నాలుగు నెలల కిందట, నేను లేని ఒక డ్యూటీలో, ఆ హారన్ కొట్టే మలుపు దగ్గర, ఒకామె పట్టాల మీద నిలబడి ఉంది. బ్రేకు వేశాడు. బరువు బండి ఆగలేదు. "పక్కకు పోలేదప్పా. నన్నే సూసినాది. ఆ తర్వాత కండ్లు మూస్తే ఆమె." వేరే ఊరికి పోయి డాక్టరును కలిశాడు. "మాత్రలు తిన్నాకనే నిద్ర పట్టినాది. నిద్ర పట్టినాకనే ఈ రంగులు సక్కగా కనపడతాండాయి. ఇప్పుడు ఆ టీవీ మాటలు, బంకు కాడ మాటలు ఇని, రెండు దినాల నుంచి మానేసినా. ఎవురన్నా సూస్తే నన్ను గూడా అట్లనే అంటారని."

నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఆయన మందు వాడుతున్నాడని కాదు, మానేశాడని.

సిగ్నల్ మారింది. నేను చెప్పాను. ఆయన తిరిగి చెప్పాడు. దారి పొడుగునా ఆ రంగులు తప్ప ఇంకో మాట లేదు.

మర్నాడు మధ్యాహ్నం గుంతకల్లుకు తిరిగి వచ్చి, డ్యూటీ దిగి సంతకం పెట్టే ఆఫీసుకు వెళ్లాం. "చెప్పేది ఏమన్నా ఉండాదా?" అని సూపర్‌వైజరు ప్రతి జట్టునూ అడుగుతాడు. లేదు సార్ అని అందరూ అంటారు.

"నిన్న ఒక ఎల్లో నేను చెప్పలేదు సార్. అన్నే చూసి బండి ఆపినాడు" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "సూడకుండా ఏం చేస్తాంటివి? ఫోనా?"

ఫోన్ అంటే నా ఉద్యోగం పోతుంది. నిజం చెబితే అన్న ఉద్యోగం. వెనక ముగ్గురు డ్రైవర్లు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

"ఫోన్ కాదు సార్" అన్నాడు అన్న. "నన్ను సూస్తాండె. నేను మనసుకు మాత్రలు వాడతాండా. ఏడాది దాటె, మీకు చెప్పలేదు. వాడు భయపడినాడు. వాని తప్పు తక్కువే."

వరుసలో మొదట ఉన్న డ్రైవరు అర అడుగు పక్కకు జరిగాడు. కావాలని జరిగి ఉండడు. అయినా జరిగాడు.

ఆ సాయంత్రమే అన్నను రైల్వే ఆసుపత్రికి పంపారు. బండి ఎక్కడానికి లేదన్నారు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టమన్నారు, అసలు మానకూడదన్నారు. నన్ను వారం రోజులు శిక్షణకు పంపారు. ఫోన్‌లో రాసుకున్న పట్టీ చెరిపేశాను. టీ బంకు దగ్గర, "మాత్రలు తినేటోన్ని ఒకన్ని దించేసినారంట, మంచి పని చేసినారు" అని కిరాణా కొట్టాయన నాతోనే అన్నాడు. ఆ మనిషి బ్రేకు వేయకపోతే ఏమయ్యేదో చెబుదామనుకున్నాను. టీ చల్లారేదాకా మాటలు వెతుక్కుని, చెప్పకుండానే వచ్చేశాను.

అన్న ఇప్పటికీ ఆ ఆఫీసులోనే ఒక మూల బల్ల దగ్గర కూర్చుని కాగితాలు సర్దుతున్నాడు. మళ్లీ పరీక్ష చేసి చెబుతామన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

పోయిన వారం డ్యూటీకి వెళ్లినప్పుడు, ఆ రోజు అర అడుగు జరిగిన డ్రైవరు అక్కడ ఉన్నాడు. సంతకం పెట్టాక కూడా కదలలేదు. గదిలో జనం పలచబడేదాకా గోడ మీది నోటీసులు చదివి, తర్వాత అన్న బల్ల మీదికి వంగాడు.

"ఆ డాక్టరు యాడుంటాడన్నా?"

అన్న తలెత్తలేదు. కాగితం ముక్క మీద ఊరి పేరు, వీధి పేరు రాసి జరిపాడు. "పొద్దున తొమ్మిదికంతా పోవాల. ఆలస్యమైతే జనం శానా ఉంటారు."

ఆ రోజు నా డ్యూటీ ఆ డ్రైవరుతోనే. రిజిస్టరులో సంతకం పెట్టి, ఆయన కాగితం జోబులో పెట్టుకోవడం చూడకుండా ముందుగా ఇంజన్ వైపు నడిచాను.