పాండురంగానికి గుచ్చుకున్న సూదులు

హన్మకొండ కుమార్‌పల్లిలో డాక్టర్ విజయలక్ష్మి గారి దవాఖాన ఉండేది. అక్కడి కాంపౌండరు పాండురంగానికి సూది గుచ్చుకుందంటే ఆ వార్త ఊరంతటికీ తెలియవలసిందే. సొంత కొడుకు పుట్టినప్పుడు కూడా అతడు అంత గట్టిగా చాటలేదు.

అదే దవాఖానలో స్టోరు బాధ్యత నాది. ఇద్దరం డెబ్బై నాలుగులో ఒకే వారం చేరాం. ఇద్దరి నియామక పత్రాలూ నా పెట్టెలో ఉన్నాయి. అతడు తనదానిలో మిర్చిబజ్జీలు చుట్టబోతే నేనే లాక్కుని దాచాను. నా సర్వీసు మొత్తంలో ఒక్క సూది నన్ను తాకలేదు. ఈ ఘనతను ఒక్కరు మెచ్చుకున్న పాపాన పోలేదు. ఒకసారి నేనే ప్రస్తావిస్తే, హసన్‌పర్తి నుంచి వైద్యానికి వచ్చే మొగిలమ్మ, "అల్మారకు తాళమేస్కొని కూసుంటే సూది ఎట్ల గుచ్చుతది సారూ" అన్నది.

పాండురంగం సంగతి వేరు. ఇంజెక్షన్ గదిలోంచి వేలు ఆకాశానికెత్తి వరండాలోకి వచ్చేవాడు.

"అమ్మలాలా, అక్కలాలా, నాకు సూది గుచ్చుకున్నది. పరాకు నాది. సూదిది గాదు, పేషెంటుది గాదు."

అందరూ చూస్తుండగా నల్లా కింద చేయి పెట్టేవాడు.

"నోట్లె పెట్టుకోవద్దు, పిండొద్దు. సబ్బు, నీళ్లు, మల్ల సబ్బు, నీళ్లు. గిప్పుడు డాక్టరమ్మ కాడికి పోతాన. ఎవలకేసిన సూదో గూడ చెప్త. దాస్తే పసిరికలైతయి."

పసిరికలంటే కామెర్లు. జనం ఒగ్గుకథ చూసినట్టు చూసేవారు. మొగిలమ్మ బత్తాయి ఒలిచి, తొన తొనా అతని నోటికందించేది.

"జర పైలం కొడుకా. నువ్వు మంచిగుంటెనే మేం మంచిగుంటం."

గుచ్చుకున్నవాడికి బత్తాయి తొనలు. గుచ్చుకోనివాడికి ఆ తొక్కలు ఊడ్పించే బాధ్యత!

సూది గుచ్చుకుంటే ఏం చేయాలో నేను వైద్యగ్రంథాలు తిరగేసి, అందమైన దస్తూరితో రాసి, పటం కట్టించి ఇంజెక్షన్ గదిలో వేలాడదీశాను. పాండురంగం దాని మేకుకు తువ్వాల తగిలించేవాడు. అడిగితే, "చదువుతాన సారూ, తువ్వాల తీసినప్పుడల్ల ఇంత కనవడ్తది" అనేవాడు.

ఎనభై ఒకటి వేసవిలో ఒక మధ్యాహ్నం అతడు స్టోరులోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"సారూ, జర మీకు సూది గుచ్చుకోవాలె."

"ఏమిటీ వాగుడు?"

"మెల్లగ. సమ్మమ్మకు గుచ్చుకున్నది. వాడిన సూదులు కడుగుతాంటె నేను చూసిన. పొద్దుగాల పసిరికలాయనకేసిన సూదులు గవే. చెయ్యి కొంగుల దాస్కొని, ఏం లేదన్నా అంటాంది."

సమ్మమ్మ కొత్తగా చేరిన ఆయా. అంతకు మునుపు పనిచేసిన చోట, సూది గుచ్చుకుందని చెప్పినందుకే పరాకు మనిషివంటూ మానిపించారట. ఇంటిల్లిపాదికీ ఆమె సంపాదనే ఆధారం.

"కేకలు వేయడం నీ విద్య కదా. నువ్వే వేయి."

"పొద్దుగాలనే ఒర్రిన గద. ఒక్కనాడు రెండుమాట్లంటె ఎవలు నమ్ముతరు? మీరైతె వేరు. మీ అసొంటోనికే గుచ్చుకున్నదంటే, నాకు గుచ్చుకుంటె తప్పేందనుకుంటది."

"పొద్దున నీకు నిజంగా గుచ్చుకోలేదా?"

"మొదట్ల ఒక్కపాలి గుచ్చుకున్నది సారూ. నౌకరి పోతదని ఎవలకు చెప్పకుండ దాసి, ఫికర్‌తోని సగమైన. అటెన్క ఎవలన్న చెయ్యి దాస్కుంటాంటె, నాకే గుచ్చుకుంటది."

ఇన్నేళ్లూ నేను అసూయపడిన గాయాలు గాయాలే కావన్నమాట. నా ఒళ్లు ఇంకా మండింది. లేని గాయాలకు తిన్న బత్తాయిలు!

అయినా వరండాలోకి నడిచి వేలెత్తాను.

"మహాజనులారా, నాకు సూది గుచ్చుకున్నది. దోషం పూర్తిగా నాదే."

మొగిలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "స్టోరు సారుకా? తాళంచెవి గుచ్చుకున్నదేమో సూడుండ్రి."

వరండా అంతా నవ్వింది. నేను నల్లా తిప్పి గంభీరంగా సబ్బు రుద్దుకుంటున్నాను. వెనుక ఎవరో వచ్చి నిలబడ్డారు.

"సారూ," సమ్మమ్మ కొంగులోంచి చేయి తీసింది. "నాగ్గూడ."

"ముందు నువ్వు కడుక్కో," అని పక్కకు జరిగాను. "నాది ఎక్కడికీ పోదు."

డాక్టరమ్మ సమ్మమ్మను కూర్చోబెట్టి, అది ఎవరికి వేసిన సూదో అడిగి తెలుసుకున్నారు. హైదరాబాదు నుంచి మందు తెప్పించడానికి అప్పుడే మనిషిని రైలుకు పంపారు. నౌకరి తీస్తారా అని సమ్మమ్మ నోరు విప్పబోతే, "చెప్పినవు గద. చెప్పేటోళ్లే నాకు కావాలె" అన్నారు. ఆ మందు పడింది. కామెర్లు ఆమె జోలికి రాలేదు.

ఆ మధ్యాహ్నం సమ్మమ్మ బయటికి వెళ్లాక డాక్టరమ్మ నా వేలు పట్టుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పారు. రంధ్రం కోసం ఆమె వెతికిన తీరు చూస్తే దొరకదని ముందే తెలిసినట్టుంది.

"పాండురంగానికి గుచ్చుకునే సూదే మీకూ గుచ్చుకున్నది సారూ," అని దూది పెట్టి, బొటనవేలంత కట్టు కట్టారు.

ఆ సాయంత్రం నేను ఇంటికి దగ్గరి దారి వదిలి, జనం మసలే చౌరస్తా మీదుగా నడిచాను. వెనుక నుంచి సైకిల్ మీద వచ్చిన పాండురంగం నన్ను దాటిపోతూ అన్నాడు:

"చెయ్యి ఇంకింత పైకి సారూ. గంత కిందికుంటె కట్టు ఎవలకు కనవడదు."