సిస్టర్ గారి కట్ల క్లాసు

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని వయసులో మనిషికి ఎవరు ఏ దారి చూపించినా అదే రాజమార్గంలా కనిపించేది ఆ రోజుల్లో. డెబ్బైల మాట. నేను కంకిపాడు దగ్గర పల్లె నుంచి వచ్చి వన్ టౌన్‌లో మా బాబాయి ఇంట్లో ఉంటూ, పొద్దున్నే పేపరు చదవడం, సాయంత్రం కృష్ణ ఒడ్డుకు వెళ్ళి నీళ్ళు చూడడం అనే రెండు పనులు శ్రద్ధగా చేస్తుండేవాణ్ణి. బాబాయి బస్సు డిపోలో గుమాస్తా. ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తకుండానే, "కండక్టర్లని తీసుకుంటారంటరా. లైసెన్సుకి ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్టుండాలి. గవర్నర్‌పేటలో కాలేజీలో చెబుతున్నారు, రేపట్నుంచి పో," అన్నాడు. టికెట్లు కొట్టేవాడికి కట్లు కట్టడం ఎందుకని అడగబోయి, పిన్ని వడ్డిస్తున్న పప్పుచారు వంక చూసి ఊరుకున్నాను.

నేను ఆ ఇంట్లో ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పుడు బళ్ళోకి టీకాల వాళ్ళు వస్తే, నా ముందు నిలబడ్డవాడికి సూది గుచ్చుతుండగానే నేను పడిపోయేవాణ్ణి. (నా వంతు వచ్చేసరికి నేను ఎటూ స్పృహలో ఉండను గనక, వాళ్ళకీ నాకూ సుఖంగానే ఉండేది.) అలాంటి వాణ్ణి, మర్నాడు సాయంత్రం, కాలేజీలో జంతుశాస్త్రం లాబులో, గాజు బీరువాలో వేలాడుతున్న అస్థిపంజరం పక్కనే బెంచీ మీద కూర్చున్నాను.

పాఠం చెప్పేది ఒక రిటైరైన నర్సు. అందరూ సిస్టర్ గారనేవారు. మిలిటరీ ఆసుపత్రుల్లో పాతికేళ్ళు పైగా చేసి వచ్చారట. అరవై దాటిన మనిషి. గుడివాడ వైపు క్రైస్తవ కుటుంబం. తెల్లచీర, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. అంత పొట్టి మనిషిని చూసి మేం ఇరవై మందిమీ కాస్త ధీమాగా కూర్చున్నాం. ఆవిడ క్లాసు మొదలుపెట్టేముందు కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, కళ్ళు తెరిచి, "ముందు చూడాలి. తర్వాత మాట్లాడాలి. ఆ తర్వాతే ముట్టుకోవాలి. మీరందరూ ముందు ముట్టుకునే రకాల్లా ఉన్నారు," అన్నారు. గొంతు పెంచలేదు. అయినా వెనక బెంచీలో గుసగుస ఆగిపోయింది.

నా జత కుర్రాడు వన్ టౌన్‌లో అత్తరు అమ్మే సాయిబుగారి అబ్బాయి. వాడు రాకముందే వాడి వాసన వచ్చేది గనక క్లాసంతా వాణ్ణి అత్తరు అనే పిలిచేది. వాడికి కండక్టరు పని అక్కర్లేదు. వాళ్ళమ్మ సంబంధాలు చూస్తోందట, "మావాడు సగం డాక్టరు" అని చెప్పుకోవడానికి ఆవిడకి ఒక కాగితం కావాలట. నేను సన్నగా, తేలిగ్గా ఉంటానని రోజూ రోగి వేషం నాకే ఇచ్చేవారు. తలకి కట్టు, దవడకి కట్టు, కాళ్ళకి చెక్క బద్దలు కట్టి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఏ ముడి ఎక్కడ వెయ్యాలో సిస్టర్ గారు చూపిస్తుంటే, నేను హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఒకనాడు స్ట్రెచరు మోసే పాఠం. నన్ను నలుగురు మోసుకుంటూ కాలేజీ గేటు దాటి రోడ్డు మీదికి తీసుకెళ్ళారు. గేటు పక్క సోడాలమ్మే ఆయన నా వంక జాలిగా చూసి, మోసేవాళ్ళని, "అయ్యో, ఏ ఊరండీ పాపం?" అన్నాడు. పెద్దవాళ్ళు అడిగినప్పుడు జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు గదా అని నేనే, "కంకిపాడు దగ్గరండీ," అన్నాను. ఆయన చేతిలో సోడా కింద పడి పగిలింది. సిస్టర్ గారు నవ్వడం మేం చూసింది ఆ ఒక్కసారే.

రెండోవారంలో ఆవిడ మా చేత రక్తనాళం పట్టించారు. "జబ్బ లోపలి వైపు, కండ కింద, నాలుగు వేళ్ళు ఇలా పెట్టి ఎముకకేసి నొక్కండి. రెండో చేత్తో మణికట్టు దగ్గర నాడి చూడండి," అన్నారు. నేను అత్తరు చెయ్యి పట్టుకుని నొక్కాను. మణికట్టు దగ్గర టకటకమంటున్న నాడి ఆగిపోయింది. గుండె కొట్టుకుంటూనే ఉంది, వాడు పళ్ళికిలిస్తూనే ఉన్నాడు, చేతిలో మాత్రం చప్పుడు లేదు. వేళ్ళు వదిలాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాను. అత్తరు, "చాల్లే గురూ, చెయ్యి నాది," అనేదాకా అలా చేస్తూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా నా ఒంట్లో కూడా ఇదంతా నన్ను అడక్కుండా జరిగిపోతోందన్న సంగతి అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం కాలవగట్టు మీద నడుచుకుంటూ ఎదురొచ్చిన ప్రతి మనిషి జబ్బ వంకా చూశాను. రిక్షావాడికీ, పూలమ్మే ఆవిడకీ, పోలీసాయనకీ అందరికీ అక్కడే ఉంటుంది, వాళ్ళకి తెలియదు.

ఆ ధైర్యంతోనే మర్నాడు ఆవిడ దగ్గరికెళ్ళి నిజం చెప్పేశాను. "నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయండీ." ఆవిడ కట్టుగుడ్డలు మడత పెడుతూ, "తిరగనీ నాయనా. చెయ్యి మాత్రం వదలమాక," అన్నారు. అంతే. ఓదారుస్తారనుకుని వెళ్ళిన నేను ఆ ముక్క పట్టుకుని వెనక్కొచ్చాను.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున పది గంటలకి బయటి నుంచి ఒక డాక్టరు గారు వచ్చి పరీక్ష చేస్తారు. పిన్ని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఉతికి మడత పెట్టిన త్రికోణపు కట్టుగుడ్డ చేతిలో పట్టుకుని, అత్తరుతో కలిసి వన్ టౌన్ సందుల్లోంచి నడుస్తున్నాను. ఎదురుగా ఒకతను తోపుడుబండి మీద గాజు పలకలు నిలబెట్టి, మధ్య మధ్య గడ్డి కుక్కి, నెట్టుకుంటూ వస్తున్నాడు. బండి చక్రం మురుగుకాలవ అంచులో దిగింది. పలకలు ఒరిగాయి. అతను తప్పుకోవలసింది పోయి, ఒరుగుతున్న గాజుకి చేతులు అడ్డం పెట్టాడు. పెద్ద చప్పుడు. చప్పుడాగాక చూస్తే అతను నిలబడే ఉన్నాడు. మోచేతి కింద లోపలి వైపు తెగి, రక్తం చిమ్ముతోంది, ఆగి ఆగి, నాడి కొట్టుకున్నట్టే.

నేను చదివిన పుస్తకంలో ఒక్క అక్షరం గుర్తు రాలేదు. అత్తరు అప్పటికే అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, గాయంలో గాజుముక్క లేదని చూసి, నా చేతిలో గుడ్డ లాక్కుని గాయం మీద అదిమి, చెయ్యి పైకెత్తి పట్టాడు. గుడ్డ ఎర్రబడిపోతోంది. వాడు నా వంక చూసి, "గురూ, పైన నొక్కు," అన్నాడు. నా నాలుగు వేళ్ళు వాటంతటవే వెళ్ళి అతని జబ్బ లోపల ఆ చోటు వెతుక్కున్నాయి. దొరికింది. ఎముకకేసి నొక్కాను. చిమ్మడం తగ్గింది. అంత పెద్ద మనిషి, గాజుబళ్ళు నెట్టే మనిషి, నా వేళ్ళ కింద ఆగి ఉన్నాడు. నేను వాటి వంక చూడకుండా ఎదురుగా గోడ మీది సినిమా పోస్టరు చూస్తూ నిలబడ్డాను.

ఈలోగా జనం మూగారు. ఒకాయన కాఫీపొడి పెట్టమంటాడు. ఒకాయన సున్నం అంటాడు. బీడీ విప్పి పొడి తీస్తున్నాడు మరొకతను. కొట్లోంచి ఒకావిడ పసుపు డబ్బాతో వచ్చింది. అందరూ మా మీద కోప్పడుతున్నారు. అప్పుడు ఒక రిక్షా ఆగింది. పరీక్షకి వెళుతున్న సిస్టర్ గారు సంచీతో దిగారు. హమ్మయ్య అనుకుని, "మీరు పట్టుకోండి సిస్టర్ గారూ," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గాయం చూశారు, నా వేళ్ళు చూశారు. "నువ్వు పట్టుకున్నావుగా. నేనెందుకు?" అన్నారు. సంచీలోంచి పరీక్షకని తెచ్చిన కట్టుగుడ్డలు తీసి, "తడిసింది తియ్యమాకండి. దాని మీదే ఇంకోటి," అంటూ అత్తరు చేత గట్టిగా కట్టించారు. తర్వాత జనం వైపు తిరిగారు. ఎవర్నీ పొమ్మనలేదు. కాఫీపొడి ఆయనతో, "ఆ పొట్లం ఉంచుకోండి బాబుగారూ, రిక్షాకి ముందు నడిచి దారి చేయించండి," అన్నారు. సున్నం ఆయన్ని గాజుముక్కలు ఎవరి కాలికీ గుచ్చుకోకుండా కాపలా పెట్టారు. బీడీ అతనికి తోపుడుబండి అప్పగించారు. పసుపు డబ్బా ఆవిడతో, "అమ్మా, నువ్వు ఇతనిల్లు కనుక్కుని వెళ్ళి, బాగానే ఉన్నాడని ముందు చెప్పి, ఆ తర్వాత ఆసుపత్రని చెప్పు," అన్నారు. అంతవరకూ అరుస్తున్న వీధి, ఎవరి పనికి వాళ్ళు కదిలింది. నేను ఆ తర్వాత ఎందరో అధికారుల్ని చూశాను గాని, అరవకుండా ఒక వీధినంతా పనిలో పెట్టిన మనిషిని మళ్ళీ చూడలేదు.

రిక్షాలో అతనూ సిస్టర్ గారూ సీటు మీద, నేను కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద, చెయ్యి వదలకుండా. అత్తరు వెనకనుంచి నెడుతున్నాడు. దారంతా ఆవిడ అతనితో మాట్లాడుతూనే ఉన్నారు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, వంట ఎవరు చేస్తారు. అతని కళ్ళు మూతలు పడినప్పుడల్లా ఇంకో ప్రశ్న. "ఇంటిదానికి ఇది తొలిచూలండీ. భయపడుద్ది," అన్నాడతను. "భయపడితే నువ్వే వెళ్ళి ధైర్యం చెబుదువుగాని. పేరేం పెడదామనుకున్నారు?" అన్నారావిడ. అతను ఆలోచనలో పడ్డాడు. పెద్దాసుపత్రి వచ్చేదాకా అతను పేర్లు చెబుతూ, ఆవిడ ఒక్కొక్కటే బాగాలేదంటూ వచ్చారు. (బాగాలేకపోవడానికి ఆ పేర్లలో ఏ లోపమూ లేదు. అతను ఇంకోటి వెతుక్కోవాలని, అంతే.)

లోపల డాక్టరు గారు సరంజామా సిద్ధం చేసుకుని, "ఇక వదులు," అన్నారు. వేళ్ళు రాలేదు. కొయ్యబారిపోయాయి. సిస్టర్ గారు నా పక్కన నిలబడి చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే విడదీశారు. అప్పుడు, మొదటిసారి, నేను కిందికి చూశాను. పిన్ని ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తెల్లగా లేదు.

మెలకువ వచ్చేసరికి నేల మీద వెల్లకిలా ఉన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. నా కాళ్ళు మాత్రం గాల్లో ఉన్నాయి. సిస్టర్ గారు వంగి నా రెండు మడమలూ రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. మా అమ్మకంటే పెద్దావిడ, నాకు చదువు చెప్పినావిడ, వీధిలో తొక్కిన బురదతో సహా నా కాళ్ళు పట్టుకుని ఉన్నారు. సిగ్గుతో లాక్కోబోయాను. "కదలమాక. నెత్తురు తలకెక్కనీ," అన్నారు. పక్క బల్ల మీద కుట్లు వేయించుకుంటున్న తోపుడుబండి అతను మెడ సాచి, "ఆ బాబుకి ఎట్టా ఉందండీ?" అని అడుగుతున్నాడు.

మేం కాలేజీ చేరేసరికి పన్నెండు దాటింది. పరీక్ష చేసే డాక్టరు గారు విసుగ్గా వాచీ చూసుకుంటూ కూర్చున్నారు. సిస్టర్ గారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన నా చొక్కా వంక చాలాసేపు చూసి, "మూర్ఛపోయినవాడికి ఏం చేస్తావు?" అన్నారు.

"పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకోవాలండీ."

"ఎక్కడ చదివావు?"

"చదవలేదండీ. ఇందాక నాకు చేశారు."

పాసయ్యాను, అత్తెసరు మార్కులతో. చేతికి జోలె కట్టమంటే, వేళ్ళు ఇంకా కొయ్యబారే ఉండి ముడి తప్పు వేశాను మరి. అత్తరుకి నాకంటే చాలా ఎక్కువ వచ్చాయి, పెళ్ళి కూడా కుదిరింది. రెండు నెలల తర్వాత తోపుడుబండి అతను వన్ టౌన్‌లో కనిపించాడు. ఆడపిల్ల పుట్టిందట. ఇంకొకతన్ని తోడు పెట్టుకుని బండి నెడుతున్నాడు, అతని రెండు వేళ్ళు ఇంకా సరిగ్గా ముడవలేకపోతున్నాయి. నన్ను చూసి బండి ఆపి, "బాగున్నారా బాబూ? కళ్ళు తిరగటం తగ్గిందా?" అని ఎంతో ఆదుర్దాగా అడిగాడు.

కండక్టర్నయ్యాను. హనుమాన్ జంక్షన్ మీదుగా ముప్పై ఏళ్ళు పైగా తిరిగాను. ఈ కథ డ్రైవర్లకి చెప్పాను, ప్రయాణికులకి చెప్పాను, పెళ్ళయ్యాక మా ఆవిడకి చెప్పాను. చెప్పగా చెప్పగా నేను పడిపోయిన ఘట్టం ఎలాగో జారిపోయింది. వీరుడిలా చెయ్యి పట్టుకున్నానన్న దగ్గరే కథ ముగించడం అలవాటైంది. సిస్టర్ గారు లేరు. అత్తరు కూడా పోయి చాలా ఏళ్ళయింది. అడ్డు చెప్పేవాళ్ళెవరూ లేరు గనక అలాగే కానివ్వచ్చు. కానీ ఈమధ్య, ఆవిడ వయసు నాకు వచ్చి దాటిపోయాక, పొద్దున చెప్పు కోసం మంచం కిందికి వంగినప్పుడల్లా నడుము పట్టేసి, అక్కడే ఆగి అనుకుంటాను. ఈ వయసులో, అంత దూరం రిక్షాలో వచ్చి, ఆవిడ ఎంతసేపు నా కాళ్ళు పట్టుకుని అలా వంగి నిలబడ్డారో నేను ఒక్కసారైనా అడగలేదు. అందుకే ఈసారి మొత్తం రాశాను. పడిపోయాను. వీరుణ్ణి కాను. మా ఆవిడ ఇది చదివి, "ఇన్నేళ్ళూ ఈ ముక్క చెప్పలేదేమండీ?" అంది. చెప్పు వెతుక్కుంటున్నట్టు వంగి, మొహం కనపడకుండా కాసేపు అక్కడే ఉండిపోయాను.