నా బిడ్డకు ఆడబిడ్డ చర్మమా?

సిద్దిపేటలో మా గాజుల దుకాణం ఎదురుగానే తెలంగాణ దీక్షా శిబిరం. ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు. పొయ్యి దగ్గర కూర్చున్న నాకు ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పోశాయి. మంట సెగ అనుకున్నాను. దుకాణంలో ఫ్యాను కింద కూర్చున్నా తగ్గలేదు. అప్పటికే నెలసరి ఆగిపోయింది. కడుపు పండిందని అత్త సంబరపడింది. నాకింకా ముప్ఫై నిండలేదు.

దవాఖానలో ఎఫ్‌ఎస్‌హెచ్, ఏఎంహెచ్ అనే హార్మోన్ టెస్టులు, స్కానింగ్ చేసి 'ప్రిమెచ్యూర్ ఓవేరియన్ ఫెయిల్యూర్' అన్నారు, అంటే వయసు రాకముందే అండాశయాలు పనిచేయడం మానేశాయట. సమ్మెతో బస్సులు బంద్. జీపు మాట్లాడుకుని నేను, మా ఆయన, అత్త హైదరాబాద్ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన మా ఆయన వైపే చూస్తూ చెప్పాడు. "మీ మిసెస్‌కు ఎగ్స్ అయిపోయాయి. డోనర్ ఎగ్ తీసుకోవాలి. ముందు ముందు ఎవరి చర్మాన్నైనా స్టెమ్ సెల్స్‌గా, అంటే ఏ కణంగానైనా మారే మూలకణాలుగా మార్చి, వాటితో ఎగ్ తయారు చేయొచ్చు. ఇప్పటికి ఎలుకల మీదే చూస్తున్నారు. అది వస్తే వాడుకుంటారా?"

"వాడుకుంటం సార్" అన్నాడు మా ఆయన.

అత్త కుర్చీ ముందుకు జరుపుకుంది. "అట్లయితే మా బిడ్డ చర్మం తీస్కోన్రి సారూ. మా ఇంటి నెత్తురే ఉంటది."

ఆమె బిడ్డ అంటే మా ఆయన సొంత చెల్లెలు! "అన్నాచెల్లెళ్లకు బిడ్డను పుట్టిస్తామా అమ్మా?" అని డాక్టరు నవ్వాడు. మా ఆయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అండాలు లేనిది నాకు, మోయాల్సింది నేను. నా ఒంటి మీద చర్మం లేదా?

"సార్, నా చర్మం పనికి రాదా?"

"రావచ్చు" అన్నాడు, మొదటిసారి నా వైపు చూసి.

"మరి గా మాట నన్నెందుకు అడుగలే? పుట్టే పిల్లకు ఏ రోగం రాదని ఎవలన్న జెప్తరా? ఎలుకల తర్వాత నేనేనా?"

డాక్టరు చీటీ ముందుకు లాక్కున్నాడు. హార్మోన్ టాబ్లెట్లు రాసి పంపించాడు.

ఇంకో క్లినిక్‌లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అప్పటికప్పుడే ఇస్తామన్నారు. "దీంతోని ఎవలకన్న పిల్లలు పుట్టిన్రా?" అని అడిగాను. "నమ్మకం ఉండాలమ్మా" అన్నారు. ఎంత మోసం! లేచి వచ్చేశాను.

ఆ విసుగులో టాబ్లెట్లు మానేశాను. కొన్నాళ్లకు వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. ఈ జబ్బుతో ఎముకలు పలచబడతాయని, ఆ టాబ్లెట్లు వాటిని కాపాడటానికి కూడా అని అప్పుడు తెలిసింది. అండం గురించి అంతమంది మాట్లాడారు, నా ఎముకల గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

తెలంగాణ వచ్చింది. నాకు పిల్లలు కలగలేదు. టాబ్లెట్లు, కాల్షియం మానకుండా వేసుకుంటున్నాను, దుకాణం నడుపుతున్నాను. మీకూ ఈ జబ్బు వస్తే, మొదటిసారి డాక్టరు గదిలోకి ఒక్కరే వెళ్లండి. మీ వాళ్లను తర్వాత పిలవండి. ఆ చర్మపు అండం రేపు నిజంగానే వస్తే నేను ఒప్పుకునేదాన్నా అంటారా? చెప్తాను, ముందు నన్ను అడగమనండి.